ఆపరేషనా, మాత్రలా? ముందు సూది పరీక్ష

ప్రశ్న: మాది ఎమ్మిగనూరు. మా నాయనకు 63 ఏళ్లు, మగ్గం నేస్తాడు. రెండు నెలల కిందట కళ్లు పచ్చబడినాయి. నొప్పి లేదు, జ్వరం లేదు, ఒళ్లంతా దురద. పక్క ఊర్లో పసరు పోయించి పదహైదు రోజులు పత్యం చేయించినాము, తగ్గలేదు. ఎనిమిది కిలోలు తగ్గిపోయి ఇప్పుడు 54 ఉన్నాడు. ముందెప్పుడూ లేని షుగర్ 260 వచ్చింది. కర్నూలులో సీటీ స్కాన్ తీస్తే క్లోమం (పాంక్రియాస్) తల దగ్గర వాపు ఉందని, క్లోమం నాళం వెడల్పు కాలేదని రాసినారు. కామెర్లు ఎంతున్నాయో చెప్పే బిలిరుబిన్ 11. ఒక డాక్టరు గారు క్యాన్సర్ లాగుంది, ఆలస్యం చేయకుండా పెద్ద ఆపరేషన్ చేయించుకోండి అన్నారు. ఇంకో డాక్టరు గారు ఐజీజీ4 అనే రక్తపరీక్ష రాసినారు, అది 412 వచ్చింది. సీఏ 19-9 అనేది 96. ఇది ఆటో ఇమ్యూన్ పాంక్రియాటైటిస్ కావచ్చు, స్టెరాయిడ్ మాత్రలతోనే తగ్గొచ్చు అని ఆయన అంటున్నారు. అమ్మ ఆపరేషన్ వద్దని ఏడుస్తోంది. స్టెరాయిడ్ వాడితే కిడ్నీలు పోతాయని మా బావ అడ్డం పడుతున్నాడు. రెండేళ్ల కింద చెల్లెలి పెళ్లప్పుడు నాయనకు రెండు దవడల కిందా ఉబ్బింది. గవదబిళ్ళలు అన్నారు. ఆర్నెల్లు అట్లే ఉండి కొంచెం తగ్గింది, అది వేరే సంగతి అనుకోండి. మేము ఏం చేయాల?
– ఒక కొడుకు, ఎమ్మిగనూరు

సమాధానం: "అది వేరే సంగతి అనుకోండి" అని మీరు పక్కకు తోసేసిన మాట దగ్గరే నేను ఆగిపోయాను. అరవై దాటిన మనిషికి గవదబిళ్ళలు రావడం అరుదు. వచ్చినా నొప్పి, జ్వరం ఉంటాయి, వారం పది రోజుల్లో దిగిపోతాయి. ఆరు నెలలు రెండు పక్కలా ఉబ్బు నిలబడిందంటే అవి లాలాజల గ్రంథులు అయి ఉండొచ్చు. అప్పటి గ్రంథుల వాపు, ఇప్పటి క్లోమం వాపు, రక్తంలో పెరిగిన ఐజీజీ4 అనే రక్షణ ప్రోటీన్, ఈ మూడూ ఒకే జబ్బు పనులు కావచ్చు. ఈ సంగతి ఆ ఇద్దరు డాక్టర్లలో ఎవరికైనా చెప్పారా? చెప్పి ఉండరు. కళ్లు పచ్చబడి వచ్చిన మనిషిని దవడల గురించి ఎవరూ అడిగి కూడా ఉండరు.

నా సలహా ముందే చెప్పేస్తాను. ఆపరేషన్ కాగితం మీద ఇప్పుడే సంతకం పెట్టకండి. మాత్రలు కూడా ఇప్పుడే మొదలుపెట్టకండి. ఆ రెంటికీ ముందు ఒక పని మిగిలిపోయింది. ఎండోస్కోపీ గొట్టం చివర అల్ట్రాసౌండ్ అమర్చి, కడుపు లోపలి నుంచే క్లోమాన్ని దగ్గరగా చూసి, సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఇది ఈ వారంలో కావాల్సిన పని. పండగ అయ్యాక చూద్దాం, మంచిరోజు చూసుకుని పోదాం అనుకునేది కాదు.

క్లోమం కడుపు వెనక, వెన్నెముక ముందు అడ్డంగా ఉండే గ్రంథి. అన్నం అరిగే రసాలు ఇచ్చేదీ, ఇన్సులిన్ తయారుచేసేదీ అదే. కాలేయం నుంచి పిత్తం తెచ్చే గొట్టం దీని తల గుండా పేగులోకి పోతుంది. తల వాచిందంటే ఆ గొట్టం నొక్కుకుపోయి పిత్తం వెనక్కి తన్ని రక్తంలో కలుస్తుంది. కళ్లు పచ్చబడటం, దురద, డికాషన్ రంగు మూత్రం, సున్నం కలిపినట్టు తెల్లటి విరేచనం, అన్నీ దానివల్లే. మన వైపు పసిరికలు అని పసరు పోయించే కామెర్లలో ఎక్కువ భాగం వైరస్‌తో కాలేయం వాచి వచ్చేవి. వాటిలో చాలా వరకు కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి, పసరు పోసిన ఆయనకు పేరొస్తుంది. గొట్టం మూసుకున్న కామెర్లను ఏ ఆకూ తెరవలేదు. మిమ్మల్ని తప్పు పట్టడం లేదు, చిన్నప్పుడు మా అవ్వ నాకూ పోయించింది. కాకపోతే ఏం పోశారో, ఎన్ని రోజులు పోశారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. కొన్ని ఆకులు కాలేయాన్నే దెబ్బతీస్తాయి. కొన్ని నాటు మందుల పొడుల్లో స్టెరాయిడ్ కలుపుతారు కూడా. అలాంటిది ఒంట్లో ఉంటే రేపు చేసే పరీక్షలన్నీ తికమక అవుతాయి.

ఇక ఆ రెండో డాక్టరు గారు చెప్పిన జబ్బు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ కణాలే దారి తప్పి క్లోమంలో చేరతాయి. గ్రంథి వాచి, లోపల గట్టి పీచు పేరుకుంటుంది. 1961లో ఫ్రాన్స్‌లో సార్లెస్ అనే వైద్యుడు ఇలాంటి క్లోమం వాపు గురించి మొదట రాశారు. ఆటో ఇమ్యూన్ పాంక్రియాటైటిస్ అన్న పేరు 1995లో జపాన్‌లో యోషిదా బృందం రాసిన వ్యాసంతో వచ్చింది. 2001లో ఆ దేశంలోనే హమానో బృందం ఈ రోగుల రక్తంలో ఐజీజీ4 బాగా పెరిగి ఉంటుందని కనిపెట్టింది. నేను కర్నూలు మెడికల్ కాలేజీలో చదివిన రోజుల్లో ఈ పేరు మా పాఠాల్లో లేదు. క్లోమం తలలో గడ్డ, నొప్పి లేని కామెర్లు, బరువు తగ్గడం, ఈ మూడూ కలిస్తే క్యాన్సర్ అనే రాసుకునేవాళ్లం. ఇప్పటికీ ముందు క్యాన్సర్‌నే అనుమానించాలి. ఎందుకంటే క్లోమం క్యాన్సర్ ఈ జబ్బు కన్నా చాలా ఎక్కువ. మొదటి డాక్టరు గారి మాటలో తప్పు లేదు, ఆయన తొందరకు కారణం ఉంది.

ఈ ఆటో ఇమ్యూన్ వాపులో రెండు రకాలున్నాయి. మీ నాయనకు అనుమానిస్తున్నది ఐజీజీ4తో ముడిపడిన మొదటి రకం. ఇది ఎక్కువగా అరవై దాటిన మగవాళ్లకు వస్తుంది. క్లోమంతో ఆగకుండా లాలాజల గ్రంథులు, కన్నీటి గ్రంథులు, పిత్తనాళాలు, కిడ్నీలు, కడుపు వెనక పెద్ద రక్తనాళం చుట్టూ ఉండే కణజాలం, ఎక్కడైనా తేలుతుంది. ఒకటి తగ్గాక ఇంకోటి రావచ్చు కూడా. అందుకే ఆ దవడల ఉబ్బు నాకు అంత ముఖ్యం అనిపించింది. రెండో రకం వయసులో ఉన్నవాళ్లకు, కొందరికి పెద్దపేగు పుండ్లతో పాటు వస్తుంది. దానిలో ఐజీజీ4 మామూలుగానే ఉంటుంది. అది మీకు సంబంధించింది కాదు.

ఇప్పుడు మీ కాగితాలు చూద్దాం. ఐజీజీ4 చాలా ల్యాబుల్లో 135, 140 దాకా మామూలు. కొంచెం పెరిగితే దానికి పెద్ద విలువ లేదు, క్లోమం క్యాన్సర్ ఉన్నవాళ్లలో కూడా పది మందిలో ఒకరికి అలా పెరుగుతుంది. రెండింతలు, అంటే 280 దాటితే లెక్క మారుతుంది. క్యాన్సర్‌లో అంత పెరగడం నూటికి ఒకరిలో కనిపించే సంగతి. మీ నాయనది 412. ఇది గట్టి సాక్ష్యమే, తీర్పు మాత్రం కాదు. ఆ నూటిలో ఒకరు ఎవరింట్లోనైనా ఉండొచ్చు కదా.

క్యాన్సర్ అనుమానం ఉన్నప్పుడు రక్తంలో చూసే సీఏ 19-9 అంకె చూసి అమ్మ భయపడి ఉంటుంది. మామూలుగా 37 లోపు ఉండాలి. కానీ పిత్తం గొట్టం ఏ కారణంతో మూసుకున్నా ఇది పెరుగుతుంది, రాయి అడ్డుపడినా పెరుగుతుంది. బిలిరుబిన్ 11 ఉన్నప్పుడు 96 అనే అంకె ఎటూ చెప్పదు. కామెర్లు దిగాక మళ్లీ చేయించండి, అప్పుడు దానికి విలువ.

అన్నిటికన్నా నాకు నచ్చింది స్కాన్‌లో ఆ ఒక్క వాక్యం: క్లోమం నాళం వెడల్పు కాలేదని. క్యాన్సర్ గడ్డ అయితే సాధారణంగా నాళాన్ని ఒకచోట కట్టేస్తుంది, దాని వెనక భాగం కాలువకు అడ్డుకట్ట వేసినట్టు ఉబ్బుతుంది, తోక భాగం ఎండిపోతుంది. ఆటో ఇమ్యూన్ వాపులో నాళం పొడవునా సన్నబడుతుందే గానీ వెనక పెద్దగా ఉబ్బదు. కొందరిలో క్లోమం మొత్తం ముడతలు పోయి నున్నగా లావెక్కుతుంది, చుట్టూ సన్నటి అంచు కనిపిస్తుంది. మీ నాయనకు తల ఒక్కటే వాచింది కాబట్టి బొమ్మ అంత తేటగా లేదు. ఆ స్కాన్ సీడీ తీసుకుని, క్లోమం స్కాన్లు రోజూ చూసే రేడియాలజిస్టుతో ఇంకోసారి చదివించండి. కిడ్నీల్లో మచ్చలు, పిత్తనాళం గోడ మందం, పెద్ద రక్తనాళం చుట్టూ వాపు ఉన్నాయేమో ప్రత్యేకంగా చూడమని అడగండి. మందు ఎక్కించి దశలవారీగా తీయని స్కాన్ అయితే మళ్లీ తీయాల్సి రావచ్చు.

ఇంత అనుకూలంగా ఉంటే మాత్రలు వేసి చూడొచ్చు కదా అని మీరు అడుగుతారు. నా అనుభవంలో రెండు వైపులా దెబ్బతిన్నవాళ్లున్నారు. ఒకాయనకు, ఊరు పేరు వద్దు, క్యాన్సర్ అనుకుని క్లోమం తల, పేగు మొదలు, పిత్తాశయం అన్నీ తీసేశారు. విప్పల్ ఆపరేషన్ అంటారు దాన్ని. పది రోజుల తర్వాత ముక్క రిపోర్టు వస్తే క్యాన్సర్ లేదు, ఈ వాపే. మాత్రలతో పోయేదానికి కడుపు కోయించుకుని, ఆరు నెలలు మంచం మీద ఉన్నాడు. మంచి ఆసుపత్రుల్లో కూడా ఆ ఆపరేషన్ అయినవాళ్లలో ముగ్గురిలో ఒకరికి ఏదో ఒక చిక్కు వస్తుంది.

రెండో ఆయన కథ నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఐజీజీ4 కొంచెం పెరిగిందని, ఆపరేషన్ తప్పుతుందన్న ఆశతో ముక్క పరీక్ష లేకుండా స్టెరాయిడ్ మొదలుపెట్టారు. వారంలో ఆకలి పుట్టింది, జొన్నరొట్టె అడిగి తిన్నాడు, ముఖం తేటపడింది. ఇంట్లో అందరూ గెలిచామనుకున్నారు. మళ్లీ స్కాన్ తీయకుండా మూడు నెలలు గడిచిపోయాయి. తీసేసరికి గడ్డ కాలేయానికి పాకింది. స్టెరాయిడ్ ఎవరికి వేసినా ఆకలి పుట్టిస్తుంది, హుషారు తెస్తుంది, క్యాన్సర్ రోగికైనా సరే. మనిషి తేరుకున్నాడు అనేది రుజువు కాదు, స్కాన్‌లో వాపు కరగడమే రుజువు. లింఫోమా అనే ఇంకో క్యాన్సర్ ఉంది. అది స్టెరాయిడ్‌కు కొన్నాళ్లు కరుగుతుంది కూడా. ముక్క తీయకముందే మాత్రలు వేస్తే దాన్ని పట్టుకోవడం కష్టమైపోతుంది.

అందుకే సూది పరీక్ష అంటున్నాను. రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. సన్న సూదితో పీల్చిన కణాలు ఈ జబ్బును తేల్చడానికి తరచూ చాలవు, కాస్త ముక్కలాగా వచ్చే బయాప్సీ సూది వాడతారా అని అడగండి. ముక్కకు ఐజీజీ4 రంగు పరీక్ష కూడా చేయమనండి. ఇంకోటి, పిత్తం గొట్టంలో స్టెంట్ వేయాల్సి వస్తే వీలైనంత వరకు ఈ అల్ట్రాసౌండ్ పరీక్ష తర్వాతే వేయమని అడగండి, స్టెంట్ ఉంటే బొమ్మ మసకబారుతుంది. అయితే చలి పుట్టి జ్వరం వస్తే ఈ వరుసలన్నీ పక్కన పెట్టండి. గొట్టంలో చీము పట్టినట్టు లెక్క, ఆ రాత్రే ఆసుపత్రిలో చేరాలి, ముందు గొట్టం తెరవాలి.

సూదికి క్యాన్సర్ దొరకలేదు అన్న రిపోర్టు వస్తే సంబరపడకండి. సూది పక్కనుంచి పోయి ఉండొచ్చు. దానికి తోడు ఇతర సాక్ష్యాలు కలవాలి. ఇక్కడే మళ్లీ దవడల సంగతి. ఆ గ్రంథి ఇప్పటికీ చేతికి తగిలితే అక్కడి నుంచి చిన్న ముక్క తీయడం క్లోమం నుంచి తీయడం కన్నా తేలిక. అక్కడ ఈ జబ్బు తేలితే కథ చాలావరకు తేలినట్టే.

ఎక్కడికి పోవాలి? మొదట కర్నూలు పెద్దాసుపత్రిలో గ్యాస్ట్రో ఎంటరాలజీ డాక్టరును కలవండి. ఈ పరీక్ష అక్కడ కాకపోతే హైదరాబాద్‌లో నిమ్స్ ఉంది, క్లోమం జబ్బులు ఎక్కువగా చూసే ప్రైవేటు ఆసుపత్రులున్నాయి. వెల్లూరు సీఎంసీకి పోయేవాళ్లూ మన జిల్లాలో తక్కువేం కాదు. ఎక్కడైనా ఒక్కటే చూసుకోండి: గ్యాస్ట్రో డాక్టరు, సర్జన్, రేడియాలజిస్టు ముగ్గురూ ఒకేచోట కూర్చుని ఫైలు చూసేలా ఉండాలి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద, అంటే మనం ఆరోగ్యశ్రీ అనేదాని కింద, ఏది వర్తిస్తుందో చేరకముందే ఆరోగ్యమిత్ర దగ్గర అడగండి. చేరాక అడిగితే సగం దారులు మూసుకుంటాయి.

ఆటో ఇమ్యూన్ అనే తేలితే చికిత్స ఆశ్చర్యపోయేంత చౌక. ప్రెడ్నిసోలోన్ మాత్రలు. మీ నాయన బరువుకు సాధారణంగా రోజుకు 30 నుంచి 40 మిల్లీగ్రాముల మధ్య ఇస్తారు, ఎంతన్నది డాక్టరు నిర్ణయిస్తారు. పొద్దున టిఫిన్ తిన్నాక వేసుకోవాలి, సాయంత్రం వేస్తే నిద్ర పట్టదు. రెండు వారాలకు స్కాన్ మళ్లీ తీస్తారు. వాపు కరిగినట్టు స్పష్టంగా కనిపిస్తే నాలుగు వారాల దాకా అదే మోతాదు, తర్వాత వారానికి 5 మిల్లీగ్రాములు చొప్పున దించుతూ దాదాపు మూడు నెలల్లో ముగిస్తారు. కొందరికి తక్కువ మోతాదు ఇంకా కొన్నాళ్లు ఉంచుతారు. రెండు వారాల స్కాన్‌లో కదలిక లేకపోతే, మనం పొరబడ్డామని ఒప్పుకుని ఆపరేషన్ మాట మళ్లీ ఎత్తాలి. ఆ రెండు వారాల గడువు ఎవరు చెప్పినా జరపకండి.

మీ బావ మాటకొస్తే, స్టెరాయిడ్ నేరుగా కిడ్నీలను పాడుచేయదు. కొన్ని కిడ్నీ జబ్బులకు అదే మందు. ఊళ్లో కిడ్నీలు చెడేది ఎక్కువగా ఒళ్లునొప్పులకు మెడికల్ షాపులో కవరులో కట్టి ఇచ్చే నొప్పి మాత్రలతో. ఆ కవరులో స్టెరాయిడ్ కూడా ఉంటుంది కాబట్టి పాపం రెండూ కలిసి చెడ్డపేరు మోస్తాయి. మగ్గం మీద కూర్చుని నడుము నొప్పి అంటే ఆ కవరు నాయనకు ఇప్పిస్తుంటే మాన్పించండి.

కానీ బావ భయం పూర్తిగా వట్టిదీ కాదు. మాత్రలు మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే, టీబీ పరీక్ష, హెపటైటిస్ బి పరీక్ష తప్పకుండా కావాలి. ఒంట్లో అణిగి ఉన్న టీబీ గానీ, హెపటైటిస్ బి గానీ స్టెరాయిడ్ పడితే మళ్లీ లేవొచ్చు. మన దేశంలో టీబీ గడ్డ కూడా క్లోమం దగ్గర కూర్చుని క్యాన్సర్ వేషం వేస్తుంది, ఆ కోణంలోనూ ఇది అవసరమే. వాడే రోజుల్లో బీపీ చూపించాలి, క్యాల్షియం, విటమిన్ డి వేసుకోవాలి. ముఖం కొంచెం ఉబ్బుతుంది, మోతాదు దిగాక దిగుతుంది. తగ్గింది కదా అని ఒక్కసారిగా మాత్రలు ఆపేయడం మాత్రం ప్రమాదం. ఒళ్లు సొంతంగా తయారుచేసుకునే స్టెరాయిడ్ ఆ సమయానికి నిద్రపోయి ఉంటుంది, మనిషి నీరసపడి బీపీ పడిపోతుంది.

షుగర్ ఇప్పటికే 260 కాబట్టి మాత్రలతో పాటు ఇంకా ఎక్కుతుంది. మధ్యాహ్నం తిన్న తర్వాత, సాయంత్రం ఎక్కువ ఉంటుంది, పరగడుపున చూసి బాగుందని మోసపోకండి. కొన్నాళ్లు ఇన్సులిన్ అవసరం పడొచ్చు. ఇన్సులిన్ మొదలైతే జీవితాంతం అనే మాట ఇక్కడ సరిగ్గా పట్టదు. క్లోమం వాపు తగ్గాక కొందరికి షుగర్ కూడా తగ్గుముఖం పడుతుంది, అందరికీ కాదు.

ఆ పత్యం ఇంక చాలు. ఉప్పూ నూనే లేని చప్పిడి కూడుతో ఎనిమిది కిలోల్లో రెండు మీరే తగ్గించి ఉంటారు. జొన్నరొట్టె, పప్పు, గుడ్డు, మజ్జిగ, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి. ఊరగాయ, తీపి వద్దు. బీడీ, సారాయి ఉంటే పూర్తిగా మానాలి. విరేచనం జిడ్డుగా, నీళ్లు పోసినా కదలకుండా తేలుతుంటే క్లోమం రసాలు చాలడం లేదని అర్థం. దానికి ఎంజైమ్ క్యాప్సూల్స్ ఉన్నాయి, అన్నం మొదటి ముద్దలతోనే వేసుకోవాలి, తిన్న గంటకు వేస్తే దండగ.

స్టెరాయిడ్ పనిచేస్తే చాలా త్వరగా పనిచేస్తుంది, ఒకటి రెండు వారాల్లోనే కళ్ల పసుపు దిగడం మీకే కనిపిస్తుంది. కానీ మొదటి రకం మళ్లీ వచ్చే జబ్బు. ముగ్గురిలో ఒకరికి, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ మందికి తిరగబెడుతుంది, ఎక్కువగా మొదటి మూడేళ్లలో. మళ్లీ దురద, మూత్రం రంగు మారడం, దవడల కింద ఉబ్బు, కళ్ల రెప్పల దగ్గర వాపు కనిపిస్తే అదే డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. తిరగబెట్టినా స్టెరాయిడ్‌కే మళ్లీ లొంగుతుంది. పదేపదే వస్తే అజాథయోప్రిన్ లాంటి మాత్రలు కలుపుతారు, రిటుక్సిమాబ్ అనే ఇంజెక్షన్ ఉంది, అది ఖరీదు.

అమ్మకు ఇప్పుడు ఏం చెప్పాలి? ఆపరేషన్ లేదని మాట ఇవ్వకండి. ముక్క పరీక్ష అయ్యే దాకా ఎవరమూ ఇవ్వలేని మాట అది. ఈ వారం ఒక పరీక్ష ఉంది, దాని తర్వాత చెబుతామని చెప్పండి.

పోయేటప్పుడు ఫైలులో స్కాన్ సీడీ, ఐజీజీ4 కాగితం, పసరు పోసిన తేదీలు పెట్టుకోండి. చెల్లెలి పెళ్లి ఆల్బమ్‌లో నాయన పక్క నుంచి కనిపించే ఫోటో ఏదైనా ఉంటే, దవడ కింద ఉబ్బు తెలిసేది, ఫోన్‌లో తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి.